ఇసుక చొక్కా పురుగు

మా ఫ్రిజ్‌లో కూరగాయల అర వదినకి ఇచ్చేశాను. ఇచ్చేశాను అనడం నా గొప్ప. ఆవిడ తీసేసుకుంది, నేను చూస్తూ ఊరుకున్నాను. అప్పటి నుంచి టమాటాలు కిటికీ గట్టు మీద, ఆకుకూరలు తడిగుడ్డలో, పురుగులు ఫ్రిజ్‌లో.

వదినంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పీ చెప్పీ కిందటేడు రిటైరై, ఒక మైక్రోస్కోపునీ, పెట్టెల నిండా సీసాల్నీ, అరిగిపోయిన మోకాళ్ళనీ వెంటబెట్టుకుని మా వెనక గదిలో దిగింది. ఆడపడుచులు పుట్టింటికొస్తే చాడీలు తెస్తారంటారు. మా వదిన ఎనామిల్ పళ్ళెంలో రాళ్ళు తెచ్చింది.

ఆ రాళ్ళకి అంటుకుని ఉండేవి కాడిస్ ఈగ పిల్లలు. పేరుకి ఈగే గాని ఈగ కాదు. పెద్దయ్యాక చూస్తే చిమ్మటకి పేద చుట్టంలా ఉంటుంది. చిన్నతనమంతా నీళ్ళలోనే. నోట్లోంచి పట్టుదారం లాంటిది తీసి, ఇసుక రేణువుల్ని ఒకదాని పక్కన ఒకటి అతికించి, గొట్టంలాంటి చొక్కా కుట్టుకుంటుంది. ఎక్కడికెళ్ళినా ఆ చొక్కా ఈడ్చుకుంటూనే. ఒళ్ళు పెరిగితే ముందువైపు కాస్త కలిపి కుడుతుంది. రెక్కలు మొలిచే వేళకి చొక్కాని రాయికి అంటించేసి, రెండు కొసలకీ జల్లెడ లాంటి మూతలు పెట్టుకుని లోపల పడుకుంటుంది. మా ఇంట్లో వాటిని చొక్కాగాళ్ళంటాం. ఆ పేరు నేనే పెట్టాను. వదిన నవ్వలేదు గాని, మర్నాటి నుంచి తనూ అలాగే పిలిచింది.

ఊరి వెనక కొండ మీద, బాగా పైన, ఒక బండ కింద నుంచి ఊట పుడుతుంది. ఏ కాలమైనా ఆ నీళ్ళు ఒకేలా చల్లగా ఉంటాయి. చొక్కాగాళ్ళుండేది ఆ ఊట నోటి దగ్గర, మన వాకిలంత మేరలో. కాస్త కిందికి జారి, ఎండ తగిలిన నీళ్ళలో వెతికితే ఒక్కడూ కనపడడు.

"మరీ అంత సుకుమారమా?" అని అడిగాను ఒకసారి.

"ఫ్యాను ఆగితే నువ్వు చేసే గొడవ కంటే తక్కువే," అంది వదిన.

ఇక మా ఆయన. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇంజనీరు. ఆ ఊట నోటికి సిమెంటు పెట్టె కట్టి, అక్కణ్ణుంచి గొట్టం వేసి ఊళ్ళోకి నీళ్ళు దింపాలని ఆఫీసు వాళ్ళ ప్లాను. మోటారక్కర్లేదు, కరెంటక్కర్లేదు, నీళ్ళు వాటంతటవే నడిచొస్తాయి. ప్లాను గీసింది ఈయనే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన గీసినవన్నీ బీరువా పాలయ్యాయి, మంజూరు దాకా వచ్చింది ఇదొక్కటే. గీసిన రోజుల్లో అక్కగారు ఇంట్లో లేదు, ఉంటే బహుశా వేరే కొండ చూసుకునేవారు.

నా మాటకొస్తే, మా వంటింటి కుళాయి కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, వస్తే నిలవదు, ఉన్నంతసేపూ గొంతు సవరించుకుంటుంది. వీధి చివర ట్యాంకు నుంచి బకెట్లు మోసి మోసి నా కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగింది. ఊట నీళ్ళు వస్తే ఊళ్ళో అందరికంటే ముందు సంతోషించేదాన్ని నేనే. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో చూడాలనుకున్నవాళ్ళు మా భోజనాల బల్ల దగ్గరికి రావచ్చు.

"ఇంతమంది గొంతులు తడవాలా, నీ పురుగు కాళ్ళు తడవాలా, నువ్వే చెప్పక్కా," అంటారు ఈయన.

"పెట్టె ఇంకాస్త కిందికి కట్టుకోరా. రెండూ తడుస్తాయి."

"కిందయితే మోటారు పెట్టాలి. నీళ్ళు వడగట్టాలి. అదంతా ఎవడు పడతాడు?"

"అలా పడలేకే చిన్నప్పుడు స్కూలు సంచీ నాచేత మోయించావు మహానుభావుడివి."

"కూర వేయనా?" అంటాను నేను. ఆ నాటకంలో నా పాత్ర అంతే.

నీళ్ళ కమిటీ వాళ్ళు వదిన చెప్పిందంతా విని ఒక మాటిచ్చారు. ఈ పురుగు ఇంకెక్కడా లేని జాతి అని తేలితే పెట్టె కిందికి జరిపే సంగతి చూస్తాం, తేలకపోతే వచ్చే గురువారం మంజూరు చేస్తాం, ఆ వెంటనే పని. తేలడానికి కావలసింది రెక్కలొచ్చిన మగపురుగు. చొక్కాల్లో ఉన్నప్పుడు ఈ జాతికీ దాని దాయాదులకీ తేడా తెలియదట. ఆడవాటిలోనూ తెలియదట. తెలిసేదల్లా మగదాని ఒంటి చివర, వెనక భాగంలో ఉండే కొక్కేలని బట్టేనట.

"అంటే మగాళ్ళని వెనక నుంచి చూసి గుర్తుపట్టాలన్నమాట," అన్నాను.

"బజార్లో నువ్వు మీ ఆయన్ని గుర్తుపట్టేది ఎటునుంచి?" అంది వదిన.

నిజమే. ఆయనెప్పుడూ ముందే నడుస్తారు.

మరి ఇన్నేళ్ళలో ఒక్క మగదాన్నయినా పట్టలేకపోయారా అంటే, వాటికి రెక్కలొచ్చేది చలి మొదలయ్యే ఆ కొద్ది రోజుల్లోనేనని, అవి సరిగ్గా పరీక్షల రోజులని, ఎవరూ సెలవిచ్చేవారు కాదని చెప్పింది. తీరా తీరిక దొరికేసరికి మోకాళ్ళు సెలవు పెట్టాయి. అయినా కిందటి నెల ఎలాగో కొండెక్కి, మూతలేసుకున్న చొక్కాల్ని రాళ్ళతో సహా తెచ్చుకుంది. వచ్చాక మంచం దిగడానికి వారం పైనే పట్టింది. ఆ రాళ్ళే మా ఫ్రిజ్‌లో ఊట నీళ్ళ పళ్ళెంలో ఉన్నాయి. నీళ్ళలోకి గాలి బుడగలు ఊదే చిన్న పంపుని బయట పెట్టి, దాని గొట్టాన్ని తలుపు రబ్బరు సందులోంచి లోపలికి దూర్చాం. అది ఎడతెగకుండా గురక పెట్టేది. మా ఆయన గురకతో దానికి శ్రుతి కలిసిన రోజున నాకు కాస్త కునుకు పట్టేది. వదిన పొద్దున లేస్తూనే ముందు ఫ్రిజ్ తలుపు తీసి చూసేది. ఆ తర్వాతే మొహం కడుక్కునేది.

ఆ మంగళవారం వదినని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయన జలుబు చేసి ఇంట్లోనే ఉన్నారు. మేం తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చారు, ఏదో మంచి పని చేసిన మొహంతో.

"అక్కా, నీ పళ్ళెంలో నీళ్ళు తగ్గాయి. రాళ్ళ నెత్తులు బయటపడ్డాయి. నింపేశాను."

వదిన చెప్పులు విప్పుతున్నదల్లా ఆగింది. "ఏ నీళ్ళతో?"

"కుళాయివే. ఇవాళ బ్రహ్మాండంగా వచ్చాయి. పరీక్ష చేసి వదిలిన నీళ్ళు, మా ఆఫీసువి."

"మందు కలిపారా?"

"కలపకుండా ఎందుకు వదులుతాం? నిన్న పైపు పగిలిందని ఇవాళ రెట్టింపు వేయించాను. ఒక్క క్రిమి బతకదు," అన్నారు. అనేశాక ఆ మాట తన చెవికే తగిలినట్టు అలాగే నిలబడిపోయారు.

వదిన ఒక చెప్పుతోనే వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తీసి వంగి వాసన చూసింది. ఊట దగ్గర నుంచి తెచ్చి సీసాలో దాచిన నీళ్ళు కొంచెం మిగిలితే, అవి మార్చి పోసింది. పోస్తున్నప్పుడే తెలుస్తోంది, ఆశ ఉండి చేస్తున్న పని కాదని. మధ్యాహ్నం దాకా చూసి, ఒక చొక్కాని సూదితో చీల్చింది. లోపల తెల్లటి మెత్తటి ప్రాణి, రెక్కలు ఇంకా మడతల్లోనే. ఊపిరి కోసం ఒళ్ళాడించాలట. ఆడించడం లేదు. కొక్కేలుండాల్సిన చోట పిండిముద్దలా ఉంది, ఆకారం రాలేదు. ఇంకో రెండ్రోజులుంటే వచ్చేది. రెండోదీ అంతే. మూడోది చీల్చి, మిగతావి చీల్చకుండా సూది కింద పెట్టేసింది.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "నిజంగా నాకు తట్టలేదక్కా. ప్లాను కోసం చేశాననుకుంటావేమో."

"అంత తెలివే నీకుంటే నేనెప్పుడో జాగ్రత్తపడేదాన్ని," అంది వదిన, కోపం లేకుండా. కోపం ఉంటే బాగుండుననిపించింది. "పోనీలేరా. ఊరందరికీ నీళ్ళు పోస్తావు. వీటికీ పోశావు."

గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. నేను పంపు ఆపేశాను. ఆపాక ఇంట్లో అన్నీ వినపడ్డం మొదలుపెట్టాయి. గోడ గడియారం, పక్కింటాయన దగ్గు, మా ఆయన వంటింట్లో గ్లాసు తీసి మళ్ళీ పెట్టడం.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసు బట్టలకి బదులు పాత ప్యాంటు వేసుకుని వదిన గది ముందు నిలబడ్డారు.

"పైన ఇంకా ఉంటాయి కదా? ఇవాళ వెళ్ళి పట్టుకొద్దాం. కమిటీ రేపు."

"ఉంటాయి. ఫ్రిజ్‌లో చలెక్కువ, ఇవి వెనకబడ్డాయి. అక్కడ ఈపాటికే కొన్ని ఎగురుతుండాలి," అంది వదిన లేవకుండానే. "కొండ నువ్వు దించుతావా నా దగ్గరికి?"

"నిన్నే ఎక్కిస్తాను."

"నా బరువు తెలుసా?"

"నీ మాటల బరువు చిన్నప్పటి నుంచి మోస్తున్నాను, ఒళ్ళెంత."

ఆవిడ పెదవి ఒక పక్కకి కదిలింది. అలా బయల్దేరాం. జీపు వెళ్ళగలిగినంత దూరం జీపు. ఆ తర్వాత కాలిబాట. ఆయన ఒక భుజానికి సంచీ, రెండో భుజానికి అక్క. వెనక నేను, ఫ్లాస్కూ గొడుగూ పట్టుకుని. గొడుగెందుకో అప్పటికి నాకు తెలియదు, వాన లేదు. ప్రతి మలుపులో కూర్చున్నాం. కూర్చున్న ప్రతిసారీ లేవడం అంతకు ముందు సారి కంటే కష్టమైంది. వదిన మూలగలేదు. మూలిగితే తమ్ముడు వెనక్కి తిప్పేస్తాడని కాబోలు, రాళ్ళ మీద మొలిచిన నాచు గురించీ, ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు పొట్టిపడ్డం గురించీ నాకు పాఠం చెబుతూ, ఊపిరందని చోటల్లా, "అర్థమైందా?" అని ఆగింది. నాకర్థమైంది, పాఠం కాదు.

ఊట దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నేను అక్కడికి వెళ్ళడం అదే మొదలు. ఇంత గొడవకి కారణమైంది చూస్తే, బండ కింద నుంచి చప్పుడు లేకుండా పొంగే కాసిని నీళ్ళు. చుట్టూ మెత్తగా, ముదురుగా నాచు. నీళ్ళలో వేలు పెడితే ఎముక దాకా జివ్వుమంది. బండ మీద ఎర్ర రంగుతో ఒక పెద్ద చదరం గీసి ఉంది, పెట్టె కట్టే చోటు. గీసినాయన ఆ వైపు చూడకుండా సంచీ విప్పుతున్నారు.

వదిన నీళ్ళ పక్కన కూలబడి ఒక రాయి తిప్పింది. దాని అడుగున చొక్కాలు వరసగా అంటుకుని ఉన్నాయి. వాటిలో కొన్నిటి మూతలు కొరికి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

"వెళ్ళిపోయారు," అంది. ఆ పొద్దున నుంచి ఆవిడ గొంతులో ప్రాణం వినపడింది అప్పుడే. "దూరం పోరు. ఈ పొదల్లోనే ఉంటారు. గొడుగు తెరిచి బోర్లించు... అలా కాదమ్మాయ్, వెల్లకిలా. నువ్వు పొద కింద పట్టుకో. వాడు కర్రతో కొడతాడు."

కొట్టారు. గొడుగులోకి సాలీళ్ళు పడ్డాయి, ఎండాకులు పడ్డాయి, పేరు తెలియని నల్ల పురుగొకటి పడి నా చేతి మీదికి నడిచొచ్చింది. వదిన ఒక్కో గొడుగూ చూసి తల అడ్డంగా ఊపుతోంది. ఊట చుట్టూ ఉన్న పొదలన్నీ అయ్యాయి. రెండోసారి మొదలుపెట్టాం. నేను గొడుగుని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాను. మా ఆయన జలుబుకి తోడు చెమట. వెలుతురు బూడిద రంగుకి తిరిగింది.

అప్పుడు పడింది. గోధుమ రంగు, రెక్కలు చిన్న గుడారంలా వాల్చుకుని, తన ఒళ్ళంత పొడుగు మీసాలతో. గొడుగు గుడ్డ మీద తత్తరపడుతూ పరుగెత్తింది. వదిన గాజు గొట్టం బోర్లించి ఒడుపుగా పట్టేసింది. భూతద్దం కంటికి పెట్టి, గొట్టాన్ని పడమటి వెలుతురుకి ఎత్తి, చాలాసేపు చూసింది. మేమిద్దరం ఆవిడ మొహం చూశాం.

"ఆడది," అంది.

మా ఆయన మళ్ళీ కర్ర తీసుకుని, కనపడీ కనపడని పొదల్ని ఒకసారి చుట్టి కొట్టి వచ్చారు. ఏమీ పడలేదు. వచ్చి అక్క పక్కన చతికిలబడ్డారు.

"అక్కా. దీన్ని చూసి చెప్పగలిగేది ఇక్కడ నువ్వొక్కదానివే. మగదని రాసెయ్. కాదనే మొనగాడెవడు కమిటీలో?"

"కొక్కేల బొమ్మ వేయాలిరా. లేనివి ఎలా వేస్తాను?"

"ఎలాగో ఒకలా వెయ్యి."

"నీకు బోడిగుండయినప్పుడు ఫొటోలో పెన్నుతో జుట్టు గీశావు గుర్తుందా? ఎవరైనా నమ్మారా?" అని, గొట్టాన్ని మళ్ళీ వెలుతురుకి పెట్టింది. "పొట్ట నిండా గుడ్లు."

సంచీలో సారా సీసా ఉంది. పురుగుని అందులో వేస్తేనే దాచుకోడానికి పనికొస్తుందట. వదిన ఆ సీసా వైపు చూసిందో లేదో గాని, గాజు గొట్టం మూత తీసి నాచు మీద వంచింది. పురుగు బయటికొచ్చి మీసాలు ఆడించి, ఎర్ర రంగు గీత దాటి, బండ అడుగుకి నడిచింది.

"దొరికిన ఒక్కదాన్నీ వదిలేశావా?" అన్నారు మా ఆయన.

"చంపితే రేపు చూపించడానికి పనికిరాదు. వదిలితే దాని పని అది చేసుకుంటుంది. పద, కాళ్ళు బిగుసుకుపోతున్నాయి."

దిగడం ఎక్కడం కంటే ఘోరం, మోకాళ్ళకి. టార్చి నా చేతిలో. ఆ వెలుతురులో రెండు జతల కాళ్ళే కనపడుతున్నాయి నాకు, ఒకటి తడబడుతూ, ఒకటి ఆగుతూ. చాలాసేపటికి ఈయన గొంతు వినపడింది.

"ఎండాకాలంలో ఊట ఎంతుంటుందక్కా?"

"సన్నబడుతుంది. కొన్నేళ్ళు నా చిటికెన వేలంత."

"మేం వానల తర్వాత కొలిచాం."

"తెలుసు. మీ ఇంటికొచ్చిన కొత్తల్లోనే చెప్పాను నీకు."

"పురుగు గురించి చెబుతున్నావనుకుని నేను వినలేదు," అన్నారు.

గురువారం వదిన కమిటీకి వెళ్ళలేదు. వెళ్ళి చెప్పడానికేమీ లేదు, నిలబడ్డానికి కాళ్ళూ లేవు. వేడినీళ్ళ సంచీ మోకాళ్ళ మీద పెట్టుకుని, కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ కూర్చుంది. నేను కూర తరుగుతూ అటూ ఇటూ తిరిగాను. ఓదార్పు మాటలు నాకు చేతకావు, టీలు మాత్రం పెట్టగలను. ఆవిడ అన్నీ తాగింది, కాదనే ఓపిక లేక.

ఆయన పొద్దెక్కాక వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో పడ్డారు.

"ఏమైంది?" అన్నాను, వదిన అడగదని తెలిసి.

"మంజూరు కాలేదు."

వదిన తల తిప్పింది.

"పురుగు సంగతి నేనెత్తలేదు. ఎత్తితే నవ్వుతారు. వానల తర్వాతి కొలత ఒక్కటే చూసి ప్లాను గీశాను, అది తప్పు, ఎండాకాలంలో చాలకపోవచ్చు, ఏడాది పొడుగునా కొలిచి చూశాకే మాట్లాడాలి అన్నాను. నా ప్లానుకి నేనే అడ్డం పడితే ఇంకెవరు సంతకం పెడతారు? మా పై ఆయన మాత్రం బయటికొచ్చాక అడిగాడు, ఏమయ్యా, ఆఫీసులో నీ ప్లాను ఒక్కటి మిగిలితే దానికీ నువ్వే చెదలా పడితే ఎలా అని." జలుబు ముక్కు తుడుచుకున్నారు. "అబద్ధమేం ఆడలేదు. కొలవాల్సిందే."

ఏడాది. నా భుజం ఆ మాట విని కాస్త కుంగింది. వీధిలో వాళ్ళకి తెలిస్తే మా ఇంటి మీదికొస్తారు. నేను మాత్రం ఎవరి మీదికి వెళ్ళను?

"ఏడాదంటే మళ్ళీ చలి మొదలయ్యేదాకా," అంది వదిన మెల్లగా. తమ్ముణ్ణి మెచ్చుకోలేదు. వాళ్ళింట్లో ఆ అలవాటు లేదు. "వాటికి రెక్కలొచ్చేదాకా ఉంటుందన్నమాట ఊట. నేనే ఉండను, అక్కడ. నిన్నటి కొండే నాకు ఆఖరు."

"నెలనెలా కొలతకి నేను ఎక్కాలిగా. ఏం చూడాలో నాకు నేర్పు."

"నీకు నేర్పితే తేనెటీగని పట్టుకొచ్చి మగదేనా అంటావు." నావైపు తిరిగింది. "అమ్మాయ్, చెయ్యి తుడుచుకుని ఇలా రా."

"నేనా? పొయ్యి మీద కూర ఉంది వదినా."

"కట్టేసి రా."

కట్టేసి వెళ్ళాను. ఆవిడ లేవలేదు. ఏ పెట్టెలో ఏ సీసా తేవాలో చెప్పి నాచేతే తెప్పించి, అందులోంచి ఒక పురుగుని పటకారుతో తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. మన చొక్కాగాడికి దాయాదట, ఏ వాగులోనైనా దొరికేదట, మగది. నేను వంగి కన్ను ఆనించాను.

"ఏం కనపడుతోంది?"

"నల్లగా, పొడుగ్గా, వెంట్రుకల్లా బోలెడున్నాయి."

"అవి నీ కనురెప్పలు. కాస్త వెనక్కి జరుగు. ఆ మర తిప్పు, మెల్లగా."

తిప్పాను. పొగమంచులోంచి కొడవళ్ళలాంటివి రెండు తేలి వచ్చాయి, ఒకదానికొకటి ఎదురుగా. వాటి మధ్య సన్నటి ముల్లు.

"కొక్కేలు రెండు. మధ్యలో ముల్లుంది."

"ఆ ముల్లు బాగా చూసిపెట్టుకో. ఊట దగ్గరి మగాడికి అది ఉంటుందో ఉండదో, అదీ తెలియాల్సింది."

"లేకపోతే?"

"లేకపోతే కొత్త జాతి."

"ఉంటే?"

వదిన వేడినీళ్ళ సంచీని రెండో మోకాలి మీదికి మార్చుకుంది. "ఉంటే వీడు పెట్టె కట్టుకుంటాడు. నువ్వు స్నానం చేస్తావు."

వెనక కుర్చీ చప్పుడైంది. మా ఆయన వచ్చి నా భుజం మీంచి వంగారు. "జరగవోయ్. నన్నూ ఒకసారి చూడనీ."

"ఆగండి," అన్నాను. ముల్లు చివర వంపు ఎటువైపుందో ఇంకా సరిగా అందలేదు నాకు.